ఈ వ్యాసంలో ముఖమేది?

హనుమకొండ
ఆదివారం

చెల్లే,

ముఖానికి మెరుపు కోసం రాసుకునే హైలైటర్ గురించి నువ్వు పంపిన వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట, మేడమ్ అనకు, అక్కా అంటే చాలు. వ్యాసంలో తప్పులేమీ కనబడలేదు. కానీ అద్దం ముందు కూర్చున్న మనిషి కూడా కనబడలేదు. అదే నాకు నచ్చలేదు.

‘చెంప ఎముకల ఎత్తైన బిందువులకు హైలైటర్‌ను వర్తింపజేయండి’ అని రాశావు. మీ చిన్నమ్మ కూతురు పెళ్లికి తయారవుతూ నిన్ను అడిగితే ఇట్లాగే చెప్తావా? ‘నవ్వకు, మామూలుగా ఉండు. కంటి చివర కింద వేలు పెట్టి నొక్కు, ఎముక గట్టిగా తగులుతుంది చూడు. దాని పైన మొదలుపెట్టి కణత దాకా తీసుకుపో’ అంటావు. అదే రాయి. నవ్వకు అని ఎందుకన్నామో కూడా రాయి. నవ్వితే ఉబ్బే బుగ్గ మీద రాసుకుంటే, నవ్వు ఆగగానే బుగ్గతో పాటు మెరుపూ కిందికి దిగిపోతుంది.

నేనూ మొదట్లో నీలాగే రాశాను. అంతటితో ఆగక చేతల్లో కూడా పెట్టాను. హంటర్ రోడ్డు వైపు ఒక ఫంక్షన్ హాల్లో మా దగ్గరి చుట్టాల పెళ్లి. పెళ్లికూతురికి నుదురు, ముక్కు, గడ్డం, ఎక్కడ చెయ్యి ఆడితే అక్కడ తెల్లటి ముత్యం రంగు పౌడర్ దట్టించాను. గదిలో ట్యూబ్‌లైట్ కింద బాగానే ఉంది. మండపం మీద వీడియో లైటు వెయ్యగానే ఫోటోగ్రాఫర్, ‘అమ్మాయికి చెమట తుడవండి’ అన్నాడు. వాళ్ల మేనత్త కర్చీఫ్ తీసుకుని గట్టిగా తుడిచేసింది. హైలైటర్‌తో పాటు ఫౌండేషన్ కూడా ఊడి, ముక్కు పక్కన అర్ధరూపాయంత అసలు రంగు బయటపడింది. ఆల్బమ్‌లో ఇప్పటికీ ఉంది ఆ ఫోటో. నాకు చూపించకుండా పేజీ తిప్పేస్తుంటారు, పాపం.

ఆ రోజు నేను చేసిన రెండు తప్పుల్లో ఒకటి రంగు. మనలో చాలామందిది చామనఛాయ. దాని మీద వెండి తెలుపు వేస్తే బూడిద రాసుకున్నట్టు ఉంటుంది. లేత బంగారు రంగు, రాగి రంగు, ఇంకొంచెం ముదురు ఛాయకు కంచు రంగు అయితే చర్మంలో కలిసిపోతాయి. ఇది ఎందుకో తెలియాలంటే డబ్బా వెనక్కి తిప్పి చూడు. చాలా పౌడర్ హైలైటర్లలో మెరిసేది అభ్రకమే, మన పెద్దవాళ్లు కాకి బంగారం అనేది. లేబుల్ మీద రంగు పదార్థాలకు నంబర్లుంటాయి, దీనిది CI 77019. పొడి చేసిన అభ్రకం రేకులకు టైటానియం డయాక్సైడ్ పూత పూస్తే తెల్లటి ముత్యపు మెరుపు వస్తుంది, దాని నంబరు 77891. ఐరన్ ఆక్సైడ్ పూస్తే బంగారం, కంచు ఛాయలు వస్తాయి, ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ 77491. ఇట్లాంటి ఒక్క సంగతి నీ వ్యాసంలో ఉంటే ‘మీ అందాన్ని ప్రకాశింపజేయండి’ లాంటి వాక్యాలు పది కొట్టేయొచ్చు.

రెండో తప్పు చోటు. నుదురు, ముక్కు చివర, గడ్డం మనకు ఎలాగూ జిడ్డు దేరే చోట్లే. మే నెలలో 40 దాటిన ఎండలో మధ్యాహ్నానికి అవి వాటంతట అవే మెరుస్తాయి, డబ్బు పెట్టి కొన్న మెరుపు అక్కడెందుకు? ఎముక మీద, కనుబొమ్మ వంపు కింద కొంచెం, పై పెదవి నడిమి నొక్కు మీద ఒక చుక్క, కావాలంటే కంటి లోపలి మూల చిటికెన వేలితో. ముక్కుదూలం మీదైతే సన్నటి గీత చాలు. మొటిమల మచ్చలు, గుంటలు ఉన్నచోట మాత్రం వద్దు, దాచాలనుకున్నదే ముందు కనబడుతుంది.

క్రీము, ద్రవ హైలైటర్లు ముఖానికి వేసే పౌడర్ కంటే ముందు, పొడి హైలైటర్ ఆ పౌడర్ తర్వాత. తిరగేస్తే ముద్దలు కడుతుంది. దీనికి ఒక్క వాక్యం చాలు, నువ్వు ఒక పేజీ రాశావు. బ్రష్‌ను డబ్బా అంచుకు ఒకసారి తట్టి అదనపు పొడి రాల్చాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

వెలుతురు గురించీ లేదు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గరికి పోతావుగా, ఈసారి ఫోన్ సంచిలో పెట్టి చూడు. అమ్మాయి వంగి చప్పట్లు కొట్టి లేచేటప్పుడు చెంప మీద వెలుతురు ఒక్క క్షణం తగిలి పోతుంది. హైలైటర్ పని అంతే. ముఖం తిప్పినప్పుడు తగలాలి, ఎదురుగా చూసినప్పుడు అక్కడేదో రాసుకున్నట్టు తెలియకూడదు. ఎప్పుడూ మెరుస్తూనే ఉంటే అది చమ్కీ.

వీలైతే పొద్దున్నే రామప్పకు కూడా ఒకసారి పో. మన దగ్గర్నుంచి 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 1213 నాటి గుడి. చూరు కింద మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, నల్లరాతివి, నున్నగా సానపెట్టినవి. వాటి ముఖాల్లో వెలుగు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ నీడ పడుతుందో నోట్‌బుక్‌లో గీసుకో. మేకప్ వ్యాసానికి గుళ్లూ శిల్పాలూ ఏంటని మీ ఎడిటర్ నవ్వొచ్చు, నవ్వనీ. నేనైతే ఎముక ఎక్కడుంటుందో పార్లర్‌లో కంటే అక్కడే బాగా నేర్చుకున్నాను.

కొత్త ప్రతి రాశాక వచ్చే ఆదివారం ఇంటికి రా. నీ డబ్బా, బ్రష్ తెచ్చుకో. సాయంత్రం నాలుగింటికి మా బాల్కనీలోకి ఎండ ఏటవాలుగా వస్తుంది. ముందు నా ముఖం మీద రాసి చూపించు. యాభై దాటిన చర్మం, కళ్ల కింద ముడతలున్నాయి. పౌడర్ వాడతావో క్రీమ్ వాడతావో, ఎందుకో, అప్పుడు కూర్చుని రాద్దాం.

ఇట్లు,
అక్క