సమాధానం: ఒంటరి భూప్రదక్షిణకు ముందు నిద్ర సంగతి చూసుకోండి

హుస్సేన్ సాగర్‌లో రెండేళ్ళు చిన్న తెరచాప పడవ నడిపిన అనుభవంతో ఒంటరిగా భూమిని చుట్టి రావచ్చా, అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏమిటి అని మీరు అడిగారు. అందరూ తుఫాను అంటారు గానీ, నా దృష్టిలో మొదటి ప్రమాదం నిద్ర. గంటకు 20 నాటికల్ మైళ్ళ (సుమారు 37 కిలోమీటర్ల) వేగంతో వచ్చే సరుకు ఓడ దిగంతంలో కనిపించిన పావుగంట, ఇరవై నిమిషాల్లోనే మీ దగ్గరకు చేరగలదు కాబట్టి, ఓడల దారుల్లో ఒంటరి నావికులు అలారం పెట్టుకుని అంతకంటే తక్కువసేపే కునుకు తీస్తారు. ఈ అలవాటును తీరం దగ్గరే, రెండు మూడు రాత్రుల ప్రయాణాల్లో పరీక్షించుకోండి.

రెండవది, పడవ నుంచి జారిపడడం. మీరు నీళ్ళలో పడినా పడవ ఆగదు, వెనక్కి తిప్పేవారూ ఉండరు. అందుకే డెక్ మీద అడుగు పెట్టే ముందే హార్నెస్ తాడు (ఒంటికి వేసుకున్న పట్టీలను పడవకు కలిపే తాడు) తగిలించుకోవాలి, పగలైనా సరే.

అనుభవం ఉంటే చాలుననుకోకండి. 2013లో ఎక్కడా ఆగకుండా ‘మాదేయి’ అనే తెరచాప పడవపై ఒంటరిగా ప్రదక్షిణ పూర్తిచేసిన భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ, 2018 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానులో పడవ మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) విరిగి, వెన్నుకు గాయమై కదలలేక పడి ఉంటే, ఫ్రెంచ్ నౌక చేరడానికి దాదాపు మూడు రోజులు పట్టింది. కాబట్టి సంకేతాలు పంపే పరికరం, నీళ్ళు, మందులు పడక నుంచి చేయి చాస్తే అందేలా అమర్చుకోండి. ముందుగా గోవా నుంచి లక్షద్వీప్‌కు అనుభవజ్ఞులతో ఒకసారి వెళ్ళి రండి.