సభ్యుల ఫారాలకు తాళమూ గొళ్లెమూ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ సంఘం వెబ్‌సైటులో సభ్యులకు మాత్రమే అందవలసిన ఫారాల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన వివరాలు రెండుసార్లు చదివాను. సభ్యత్వ పునరుద్ధరణ, చిరునామా మార్పు, ఆర్థిక సహాయానికి దరఖాస్తు, కార్యవర్గ ఎన్నికకు నామినేషను, ఈ నాలుగు ఫారాలనూ ఒకే లాగిన్ వెనుక పెడితే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. ఎందుకు సరిపోదో వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

లాగిన్ వచ్చినవారు ఎవరో తేల్చి ఊరుకుంటుంది. ఆ మనిషికి ఈ ఫారం తెరిచే హక్కు ఈ రోజున ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. మొదటిదాన్ని గుర్తింపు అనీ, రెండోదాన్ని అనుమతి అనీ విడివిడిగా పిలిచే అలవాటు చేసుకో. ఇంగ్లిషులో అథెంటికేషన్, ఆథరైజేషన్ అని రెండు పేర్లూ ఒకేలా వినపడటం వల్లనో ఏమో, ఎంతో అనుభవం ఉన్నవాళ్లు కూడా వీటిని కలగాపులగం చేస్తుంటారు. ఆ గందరగోళం సర్వర్ ఇచ్చే జవాబుల్లోకీ చొరబడింది: 401 అనే సంఖ్యకు పెట్టిన పేరు ‘అన్‌ఆథరైజ్డ్’, కాని దాని అర్థం ‘మీరెవరో తెలియలేదు’ అని; ‘మీరెవరో తెలుసు, అయినా రానివ్వను’ అనడానికి 403 ఉంది. మీ విషయమే చూడు. చందా గడువు దాటిన సభ్యుడు లాగిన్ కాగలగాలి, లేకపోతే పునరుద్ధరణ ఫారం ఎలా నింపుతాడు? అదే మనిషికి నామినేషను ఫారం మాత్రం తెరుచుకోకూడదు.

కాబట్టి సైటుకు అదనపు పనులు చేర్చే ప్లగిన్లూ, సెట్టింగులూ ముట్టుకోకముందే ఒక కాగితం తీసుకుని గళ్లు గీయి. ఒక్కో ఫారానికి ఎదురుగా, దాన్ని ఎవరు తెరవవచ్చు, ఎవరు నింపి పంపవచ్చు, పంపినదాన్ని ఎవరు చదవవచ్చు, ఎవరు దిద్దవచ్చు, ఇదంతా ఏ తేదీ వరకు అని రాసి, కార్యదర్శిగారికి చూపించి ఒప్పించుకో. ఖాళీగా మిగిలిన గడికి ‘కాదు’ అనే అర్థం చెప్పుకోవాలి. సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్లలో సమాచార రక్షణ గురించి 1975లో రాసిన వ్యాసంలో, అనుమతి ఇచ్చినట్టు స్పష్టంగా లేనిదల్లా నిరాకరించాలనీ, అడిగిన ప్రతిసారీ మళ్లీ తనిఖీ చేయాలనీ చెప్పారు. వెబ్ పుట్టకముందే చెప్పిన ఆ రెండు మాటలకు ఈనాటికీ కొత్తగా చేర్చవలసింది పెద్దగా లేదు.

నేను ఈ సంగతి ఎలా నేర్చుకున్నానో చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక సంఘానికి వెబ్‌సైటు చూసిపెట్టేవాణ్ణి. ఆర్థిక సహాయం దరఖాస్తు నింపి పంపగానే, ప్రింటు తీసుకోవడానికి వీలుగా దాని నకలు తెర మీదికి వచ్చేది. ఆ పేజీ చిరునామా చివర ఒక వరుస సంఖ్య ఉండేది. ఒక సాయంత్రం ఒక పెద్దాయన ఫోన్ చేసి, తన దరఖాస్తు సంఖ్య 117 అనీ, ఆ పేజీ చిరునామా సరిచేసుకుంటూ పొరపాటున 118 అని కొట్టాననీ, వెంటనే మరెవరో సభ్యురాలి వైద్య ఖర్చులూ, బ్యాంకు ఖాతా సంఖ్యా, సంతకమూ కనపడ్డాయనీ, తప్పు తనదే అన్నట్టు సంకోచిస్తూ చెప్పారు. నేను ఆ పేజీ మూసేసి సర్వర్ లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఏ పేజీ తెరిచారో నమోదయ్యే చిట్టా, తెరిచాను. 117, తర్వాత 118, వెంటనే మళ్లీ 117. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అయితే లాగ్‌ను ఇంకా వెనక్కి జరిపి చూస్తే, నెల రోజుల కిందట మరో సభ్యుడి లాగిన్‌తో 1, 2, 3 అంటూ 60 దాకా వరుసగా తెరుచుకున్న జాడ ఉంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కనుక అంతా సవ్యంగా ఉందని నేను అనుకుంటూ వచ్చాను. ఆ అరవైమందికీ విడివిడిగా ఉత్తరాలు రాసి జరిగింది చెప్పుకోవలసి వచ్చింది.

లోపం ఎక్కడుందంటే, నేను రాసిన ప్రోగ్రాం ‘ఈయన లాగిన్ అయ్యాడా?’ అని అడిగేది గాని ‘ఈ దరఖాస్తు ఈయనదేనా?’ అని అడిగేది కాదు. దరఖాస్తును సంఖ్య ఒక్కదానితో వెతకకుండా, సంఖ్యా, లాగిన్ అయిన సభ్యుడూ రెండూ కలిస్తేనే బయటికి తీసేలా ఒక్క వరుస మార్చడంతో అది బాగుపడింది. వరుస సంఖ్యల బదులు ఊహకందని పొడవాటి గుర్తులు వాడమని కొందరు సలహా ఇస్తారు. వాడు, మంచిదే, కాని అలాంటి లింకును కూడా సభ్యుడు ఇంకొకరికి పంపగలడు కనుక అది తనిఖీకి బదులు కాజాలదు. ఇది నా ఒక్కడి అజాగ్రత్త అనుకోకు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ ప్రకటించే పది పెద్ద లోపాల జాబితాలో, అనుమతుల తనిఖీ సరిగా లేకపోవడం 2017లో ఐదో స్థానంలో ఉండి, 2021 జాబితాకు మొదటి స్థానానికి ఎక్కింది.

ఫారం లోపల కనపడకుండా దాచే గడుల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. సభ్యత్వ సంఖ్యను దాపుడు గడిలో పెట్టి పంపితే, బ్రౌజర్‌లోనే ఉన్న డెవలపర్ టూల్స్‌తో దాన్ని ఎవరైనా మార్చి ఇంకొకరి పేరిట చిరునామా మార్పు పంపగలరు. ఎవరు పంపుతున్నారన్నది సెషన్ నుంచే, అంటే లాగిన్ అయినవారిని సర్వర్ గుర్తుంచుకునే ఏర్పాటు నుంచే తీసుకోవాలి, ఫారం నుంచి తీసుకోకూడదు. దానివల్ల ఇంకో లాభమూ ఉంది: నీకు ముందే తెలిసిన పేరూ సభ్యత్వ సంఖ్యా మళ్లీ మళ్లీ అడిగి సభ్యులను విసిగించనక్కరలేదు.

మెనూలో లింకు తీసేయడం రక్షణ కిందికి రాదు. చిరునామా గుర్తుపెట్టుకున్నవారు, పాత ఈమెయిల్లో లింకు ఉన్నవారు నేరుగా వస్తారు. ఫారం చూపించేటప్పుడు ఒకసారి తనిఖీ చేసి, సబ్మిట్ నొక్కినప్పుడు వదిలేయడం కూడా తరచు జరిగే పొరపాటు. నామినేషన్ల గడువు సాయంత్రం 5 గంటలకు ముగిస్తే, 4:50కి ఫారం తెరిచి పెట్టుకున్న మనిషి 6 గంటలకు పంపినా నీ సర్వర్ పుచ్చుకుంటుందా? ఎన్నికల సమయంలో ఇలాంటి ఒక్క దరఖాస్తు చాలు, నెల రోజులు తగవు నడవడానికి.

ఇక దస్త్రాల సంగతి. ‘తాళం వేసితిని, గొళ్లెం మరచితిని’ అన్న సామెత వీటి కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ఫారాన్ని పీడీఎఫ్‌గా సభ్యుల పేజీలో పెట్టి, ఆ పేజీకి లాగిన్ పెడతారు. పీడీఎఫ్ మాత్రం అందరికీ తెరిచి ఉన్న ఫోల్డర్‌లో కూర్చుని ఉంటుంది. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో నువ్వు ఎక్కించిన దస్త్రాలు మామూలుగా అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో సంవత్సరం, నెల వారీగా చేరతాయి. పేజీకి తాళం వేసే ప్లగిన్లలో చాలావాటికి ఆ ఫోల్డర్‌తో సంబంధం ఉండదు, ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప. ఖాళీ ఫారం బయటపడితే పోయేదేమీ లేదు. సభ్యులు జతచేసి పంపిన గుర్తింపు పత్రాలు కూడా అక్కడే చేరుతుంటేనే అసలు ప్రమాదం. అలాంటివాటిని వెబ్‌కు అందని చోట దాచి, తనిఖీ చేసే ప్రోగ్రాం చేతుల మీదుగానే బయటికి ఇవ్వాలి. ఏ పేజీల జోలికి రావద్దో సెర్చ్ ఇంజన్లకు చెప్పే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే దస్త్రంలో ఆ ఫోల్డర్ పేరు రాసేస్తే చాలని ఎవరైనా చెబితే వినకు. 1994 నుంచి వాడుకలో ఉన్న ఆ పద్ధతిని 2022లో ప్రమాణంగా రాసినప్పుడు, ఇది ప్రవేశానుమతి కాదని అందులోనే చెప్పారు. పైగా ఆ దస్త్రాన్ని ఎవరైనా చదవవచ్చు కనుక, దాచదలచిన చోటుకు నువ్వే దారి చూపించినట్టవుతుంది.

పేజీలను వేగంగా చూపించడానికి పెట్టుకునే క్యాష్ కూడా ఒక్కోసారి కొంప ముంచుతుంది. ఒక సభ్యురాలి వివరాలతో నిండిన పేజీని అది దాచుకుని, తర్వాత వచ్చినవారికి అదే అందించగలదు. సభ్యుల పేజీలను క్యాష్ నుంచి మినహాయించి, వాటి వెంట సర్వర్ పంపే సూచనల్లో, క్యాష్-కంట్రోల్ అనే శీర్షిక కింద, ‘నో-స్టోర్’ (దాచుకోవద్దు) అని పంపు. ‘నో-క్యాష్’ అని పంపితే దాచుకోదనుకుంటారు చాలామంది. దాచుకుంటుంది, వాడబోయే ముందు సర్వర్‌ను అడుగుతుంది, అంతే.

ఇప్పటిదాకా రానివ్వకూడనివారి గురించి చెప్పాను. కాని నీకు వచ్చే ఫోన్లలో నూటికి తొంభై, రావలసినవారు రాలేకపోవడం గురించే ఉంటాయి, అది నా అనుభవం. అందుకే తలుపు దగ్గర చెప్పే మాట మీద శ్రద్ధ పెట్టు. ‘మీకు అనుమతి లేదు’ అన్న ఒక్క వాక్యంతో నాలుగు రకాల మనుషులను వెనక్కి పంపకు. లాగిన్ కానివారిని లాగిన్ పేజీకి పంపి, అయ్యాక తిన్నగా వాళ్లు అడిగిన ఫారానికే తీసుకురా; తిరిగి వెళ్లవలసిన ఆ చిరునామా మన సైటులోదేనా అని చూడటం మాత్రం మరవకు, లేకపోతే మన లాగిన్ పేజీ మీదుగానే మోసపు సైట్లకు మనుషులను తరలించగలరు. చందా గడువు తీరినవారికి, ఏ తేదీన తీరిందో చెప్పి పునరుద్ధరణ ఫారం లింకు ఇవ్వు. అర్హత లేనివారికి ఆ అర్హత ఏమిటో చెప్పు. ఫారం గడువే ముగిస్తే ఆ మాట చెప్పి, ఎవరిని సంప్రదించాలో రాయి. ఒక్క చోట మాత్రం నోరు కట్టుకోవాలి: పాస్‌వర్డ్ మరచిపోయినవారు ఈమెయిల్ ఇచ్చినప్పుడు, అది సభ్యులదైనా కాకపోయినా ‘ఆ చిరునామా మా దగ్గర ఉంటే లింకు పంపాము’ అన్న ఒకే జవాబు రావాలి. లేకపోతే ఎవరు మీ సభ్యులో బయటివారు ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకుంటారు.

నింపుతూ ఉండగా సెషన్ తెగిపోవడం మరో బాధ. సహాయం కోరే మనిషి ముప్పావుగంట కూర్చుని తన కష్టమంతా రాసి, సబ్మిట్ నొక్కగానే లాగిన్ పేజీ ప్రత్యక్షమై, రాసినదంతా గాలిలో కలిసిపోతే, ఆ మనిషి మళ్లీ రాయడు. చిత్తుప్రతిని మధ్యమధ్యలో సర్వర్‌లో దాచు. అందరికీ అందుబాటుగా ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు చెప్పే పద్ధతుల్లో ఒకదాని ప్రకారం, గడువు తీరబోతోందని ముందుగా హెచ్చరించి, ఒక్క మీటతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి.

పాస్‌వర్డుల గురించి క్లుప్తంగా చెబుతాను. సభ్యులందరికీ కలిపి ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతి మీ పాత సైటులో ఉందని రాశావు. దాన్ని మొదటి రోజే తీసేయి, ఎందుకంటే సంఘం వదిలి వెళ్లినవారి చేతిలో కూడా అదే తాళంచెవి ఉంటుంది. మూడు నెలలకొకసారి మార్చమని బలవంతపెట్టకు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే అలా ఊరికే మార్పించవద్దనీ, పాస్‌వర్డును కాపీ చేసి అతికించడానికి అడ్డుపడవద్దనీ చెప్పింది.

అన్నిటికంటె ఎక్కువగా చెడిపోయేది సభ్యుల జాబితా. ఎవరికి సభ్యత్వం ఉందన్నది లాగిన్ సమయంలో ఒకసారి చూసి గుర్తుపెట్టుకుంటే, రాత్రి గడువు తీరినవారు తెరిచి ఉంచిన సెషన్‌తో వారం తర్వాత కూడా సభ్యులుగానే చెలామణి అవుతారు. ప్రతి అభ్యర్థనకూ జాబితానే అడుగు. ఆ జాబితాను కోశాధికారిగారు తన స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుని, తీరికైనప్పుడు నీకు పంపే ఏర్పాటు ఉంటే, నువ్వు ఎంత గట్టి తాళం వేసినా వృథా. చందా కట్టినవారిని ఎవరు, ఎన్ని గంటల్లోగా చేర్చాలో రాతపూర్వకంగా తేల్చుకో. దిగిపోయిన కార్యవర్గ సభ్యుల అధికారాలు ఆ రోజే తీసేయించు. ఇది చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది, తెలుసు. ఆ కబురు కార్యదర్శిగారి పేరిట పంపించు.

నింపిన ఫారం మొత్తం నకలును ఐదుగురి ఈమెయిళ్లకు పంపే అలవాటు కూడా మానిపించు. ‘కొత్త దరఖాస్తు వచ్చింది’ అన్న ఒక్క ముక్కా, లాగిన్ అడిగే లింకూ పంపితే చాలు. తొందరలో గూగుల్ ఫారమ్స్ వాడవలసి వస్తే, ఒక్కరికి ఒక్క జవాబు అన్న సెట్టింగు గూగుల్ ఖాతా ఉందని మాత్రమే తేలుస్తుందనీ, సభ్యత్వం తేల్చదనీ గుర్తుంచుకో. జవాబుల సారాంశం అందరికీ చూపించే సెట్టింగు ఆపి ఉందో లేదో కూడా చూసుకో.

తెరిచే ముందు పరీక్ష నువ్వే చేయి, ప్లగిన్ అమ్మినవారి మాట మీద వదిలేయకు. ఉత్తుత్తి సభ్యులను ముగ్గురిని సృష్టించు: చందా కట్టినవారిద్దరు, గడువు తీరినవారొకరు. మొదటివారితో ఒక దరఖాస్తు పంపి, దాని చిరునామానూ, జతచేసిన దస్త్రం చిరునామానూ రాసుకో. లాగౌట్ అయి ప్రైవేట్ విండోలో ఆ రెండూ అతికించి చూడు. తర్వాత రెండోవారితో, మూడోవారితో అలాగే చూడు. లాగౌట్ అయ్యాక వెనక్కి బటన్ నొక్కితే ఏం కనపడుతుందో చూడు. ఫారం తెరిచి ఉంచి, ఈలోగా ఆ సభ్యత్వాన్ని రద్దు చేసి, అప్పుడు సబ్మిట్ నొక్కు. నువ్వు గీసిన గళ్ల కాగితంలోని ప్రతి ‘కాదు’కూ ఒక్కసారైనా తలుపు మూసుకోవడం నీ కళ్లతో చూడాలి.

ఏ పరీక్షలో ఏం కనపడిందో నాకు రాయి, అవసరమైతే కలిసి కూర్చుని చూద్దాం. పునరుద్ధరణ, చిరునామా మార్పు ఫారాలు ముందుగా తెరిచినా ఫరవాలేదు. ఆర్థిక సహాయం దరఖాస్తు మాత్రం నీ దగ్గర నుంచి జవాబు వచ్చి, నేను కూడా ఒకసారి చూసేదాకా తెరవకు.

ఇట్లు,
మీ పెదనాన్న