56 వేల రాబడిలో గ్రేట్ డేన్‌ను సాకగలమా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. రేణిగుంట దగ్గర ఒక కంపెనీలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను, చేతికి 46 వేలు వస్తుంది. మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, నెలకు పది వేల దాకా మిగులుతుంది. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి. అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. బాబుకు కుక్కలంటే ప్రాణం. బెంగళూరులో నా స్నేహితుడికి తెలిసినవాళ్ల దగ్గర గ్రేట్ డేన్ పిల్లలున్నాయి, ఒకటి 40 వేలట. కావాలంటే మరో పెద్దజాతి మాస్టిఫ్ కూడా ఇప్పిస్తానంటున్నాడు. నెలకు 5 వేలు కట్టే లక్ష రూపాయల చీటీ ఇంకా తొమ్మిది నెలలుంది. ఈ నెలే ఆ చీటీ పాడి, ఆ డబ్బుతో కుక్కపిల్లను తెచ్చుకుందామనుకుంటున్నాం. రాగి సంగటి, పెరుగన్నం పెడితే అదే పెరుగుతుందని అందరూ అంటున్నారు. మా ఆవిడ మాత్రం ముందు మిమ్మల్ని అడగమంది. ఏమంటారు సార్?

జవాబు: మీ ఆవిడ మంచి పని చేశారు. మీరు పంపిన నెల ఖర్చుల జాబితా చూశాను. అద్దె 11 వేలు, ఇద్దరి బడి ఫీజు నెలకు సర్దితే 9 వేలు, బండి వాయిదా 4,200, చీటీ 5 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్ 3 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు 4 వేలు, ఇంటి ఖర్చు 17 వేలు. మొత్తం 53,200. నెల తిరిగేసరికి మిగిలేది 2,800. చీటీ డబ్బుతో పిల్లను కొనడం కష్టమేమీ కాదు. తెచ్చిన మరుసటి నెల నుంచి దాన్ని ఎలా సాకుతారన్నదే నా ప్రశ్న. ఈ రాబడిలో ఇప్పుడు వద్దు, రెండేళ్ల తర్వాతైతే కుదురుతుంది అన్నది నా మాట. ఎందుకో చెబుతాను.

మన పుంగనూరు ఆవు భుజం దగ్గర 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. ఎదిగిన మగ గ్రేట్ డేన్ ఎత్తు 76 సెంటీమీటర్ల పైమాటే. బరువు 60 కిలోలు దాటుతుంది, కొన్ని 75 దాకా పోతాయి. మీరు ఇంట్లోకి తెచ్చుకునే జీవి పరిమాణం అది. దాని ఖర్చంతా ఆ బరువును బట్టే నడుస్తుంది.

ముందు తిండి. 60 కిలోల కుక్కకు రోజుకు సుమారు 2,400 కేలరీలు కావాలి. ప్యాకెట్ దాణా అయితే రోజుకు 700 గ్రాములకు అటూఇటూ, నెలకు 20 కిలోలు. కిలో 300 రూపాయల రకం వేసుకున్నా 6 వేలు. పేరున్న కంపెనీల పెద్దజాతి దాణా కొంటే దానికి రెట్టింపు. ఇంట్లో వండితే రోజుకు అరకిలో కోడిమాంసం, దాదాపు అంతే బియ్యం, గుడ్లు, కూరగాయలు, గ్యాసు కలిపి 5 వేలకు తగ్గదు. రాగి సంగటి, పెరుగన్నం కడుపు నింపుతాయి, కాదనను. కానీ ఎదిగే గ్రేట్ డేన్ పిల్లకు మాంసకృత్తులు కావాలి, లవణాలు సరైన పాళ్లలో అందాలి. ఒకటిన్నర, రెండేళ్ల దాకా దాని ఎముకలు ఎదుగుతూనే ఉంటాయి. తొందరగా ఎదగాలని చాలామంది క్యాల్షియం టానిక్ సీసాల మీద సీసాలు తాగిస్తారు. చిన్న కుక్కపిల్లల ఒంటికి అక్కర్లేని క్యాల్షియాన్ని వదిలించుకునే శక్తి ఉండదు, ఎముకలు వంకరపోతాయి. డాక్టరు చెప్పనిదే ఆ సీసా జోలికి పోవద్దు. డబ్బు పోసి జబ్బు కొనుక్కోవడం అంటే అదే.

తర్వాత మందులు. నులిపురుగుల మాత్ర సాధారణంగా పది కిలోల బరువుకు ఒకటి లెక్కన ఇస్తారు. పొమేరియన్‌కు అరముక్కతో పని అయిపోతుంది. మీ కుక్కకు ఒక్కసారికి ఆరు మాత్రలు, అదీ మూడు నెలలకోసారి. పిడుదుల మందూ అంతే, యాంటీబయాటిక్కూ అంతే, ఆపరేషన్‌కు ఇచ్చే మత్తూ అంతే. మన వైపు పిడుదుల వల్ల వచ్చే జ్వరం మామూలే. దానికి నాలుగు వారాల మందు వాడాల్సి వస్తే చిన్న కుక్క యజమానికి వందల్లో పోయేది మీకు వేలల్లో పోతుంది. పిడుదుల మాత్రలు, టీకాలు, పరీక్షలు అన్నీ ఏడాదికి లెక్కేసి నెలలకు పంచితే 1,700 పక్కన పెట్టాల్సిందే.

ఎండ సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతుంది. మొదటి అంతస్తు అంటున్నారు, పైన శ్లాబు ఒక్కటే ఉంటే మధ్యాహ్నం గది పొయ్యిలా ఉంటుంది. అంత పెద్ద ఒళ్లు చల్లబడటానికి సమయం పడుతుంది. ఏసీ రోజుకు ఆరు గంటలు నడిపితే నెలకు 200 యూనిట్ల పైన అదనంగా తిరుగుతుంది, కరెంటు బిల్లు ఎక్కువ రేటులోకి ఎక్కుతుంది. వేసవి మూడు నెలలూ నెలకు 2 వేలు ఎక్కువ వేసుకోండి.

సంక్రాంతికి ఊరికి పోవాలి. మీకున్నది బైకు, మీ ఆవిడ స్కూటీ. చిన్న కుక్కను స్కూటీ ముందు నిలబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోవచ్చు. దీన్ని కుదరదు. ఆటోవాళ్లు చాలామంది ఎక్కించుకోరు. ఒంట్లో బాగాలేక అది లేవలేని రోజున మెట్ల మీదుగా కిందికి దించడానికే ఇద్దరు మగవాళ్లు కావాలి, తర్వాత కారు మాట్లాడాలి. ఊరికి తీసుకుపోలేని రోజుల్లో ఎక్కడో డబ్బిచ్చి ఉంచాలి. ఈ రాకపోకలకు, వసతికి నెలకు 800 అనుకుందాం.

అన్నీ కలిపితే సుమారు 8 వేలు. దానికి నేను తప్పనిసరిగా ఇంకో 2 వేలు కలుపుతాను, ఆపద నిధి కింద. నెలకు 10 వేలు. గ్రేట్ డేన్ ఆయుష్షు మామూలుగా ఏడు నుంచి పదేళ్లు. తొమ్మిదేళ్లు వేసుకుంటే నేటి ధరల్లోనే 10 లక్షల 80 వేలు. మీ స్నేహితుడు చెప్పిన 40 వేలు ఈ మొత్తంలో నూటికి నాలుగు రూపాయల లోపే. ఆ నాలుగు రూపాయలకు మాత్రమే మీ దగ్గర దారి ఉంది.

ఆపద నిధి ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి. ఛాతీ లోతుగా ఉండే పెద్దజాతి కుక్కలకు, అందులోనూ గ్రేట్ డేన్‌కు, కడుపులో గాలి నిండి జీర్ణాశయం మెలిపడే ప్రమాదం ఉంది. డాక్టర్లు బ్లోట్ అంటారు, జీడీవీ అని కూడా రాస్తారు. కుక్క కక్కబోతుంది, ఏమీ రాదు. పొట్ట బిర్రుగా ఉబ్బుతుంది, చొంగ కారుతుంది, ఒకచోట నిలవలేదు. అప్పటి నుంచి మీ చేతిలో ఉండేది గంటలే. ఆపరేషన్ ఒక్కటే దారి. అది రాత్రి పదకొండుకు జరిగిందనుకోండి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది, దాని ఆసుపత్రి ఉంది. పలమనేరులోనో మదనపల్లెలోనో ఉండేవాళ్లకు లేని అండ మీకుంది. అయినా ఆ వేళలో ఆపరేషన్ చేసే డాక్టరు ఎవరు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నది కుక్కను తేకముందే స్వయంగా వెళ్లి కనుక్కోండి. చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ సుమారు 140 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. మెలిపడిన కడుపుతో మూడు గంటలు చాలా ఎక్కువ.

ప్రైవేటులో ఈ ఆపరేషన్‌కు, తర్వాతి చూపుకు నేను 60 వేలు అనుకుని ప్రణాళిక వేస్తాను. అర్ధరాత్రి ఆ డబ్బు లేకపోతే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. తెల్లారి మీ ఆవిడ గాజులు కుదువకు పోతాయి, లేదా పిల్లల ముందు కుక్కను వదులుకోవాల్సి వస్తుంది. ఈ రెండూ మీ ఇంట్లో జరగకూడదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అప్పుడే జీర్ణాశయాన్ని పొట్ట గోడకు కుట్టేసే పద్ధతి ఉంది, గ్యాస్ట్రోపెక్సీ అంటారు. మెలిక పడే ముప్పు బాగా తగ్గుతుంది. పెద్దజాతి కుక్కను తెచ్చే ఎవరికైనా ఈ ఖర్చును మొదటి రెండేళ్ల లెక్కలోనే రాసుకోమంటాను. రోజుకు ఒక్కపూటే గంపెడు పెట్టకుండా రెండు మూడు పూటలకు పంచి పెట్టడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

ఇంకొకటి మీరు ఆలోచించి ఉండరు. పాప ఇప్పుడు ఏడో తరగతి. ఇప్పుడు తెచ్చిన పిల్లకు ఐదారేళ్లు నిండేసరికి పాప ఇంటర్ ముగించి ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరుతుంది. చిన్న కుక్కలకు అది నడి వయసు. గ్రేట్ డేన్‌కు ముసలితనం మొదలయ్యే కాలం. గుండె కండరం బలహీనపడే జబ్బు, ఎముక క్యాన్సర్, తుంటి కీళ్ల నొప్పి ఈ జాతిలో ఎక్కువ. కాలేజీ ఫీజు, హాస్టల్, కుక్క గుండె పరీక్షలు అన్నీ ఆ ఒకటి రెండేళ్లలోనే మీద పడతాయి. అప్పుడు మీరు దేన్ని వాయిదా వేస్తారు?

బీమా అడుగుతారని ముందే చెబుతున్నాను. కుక్కలకు పాలసీలున్నాయి. కానీ భారీ జాతులకు చేరే వయసు పరిమితి తక్కువ పెట్టడం, వంశపారంపర్య జబ్బులను మినహాయించడం, మొదటి కొన్ని వారాలు కవరేజీ లేకపోవడం వంటి షరతులుంటాయి. పాలసీ కాగితం పూర్తిగా చదివాకే కట్టండి. ఆ ప్రీమియానికి ఆరోగ్య బీమా కింద ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, అది మనుషులకే.

అత్తమ్మ గురించి కూడా నాకు బెంగ ఉంది. గ్రేట్ డేన్ స్వభావం సాధువే. కానీ ప్రేమతో మీదికి వచ్చి ఒరుసుకున్నా పెద్దావిడ పడిపోతుంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆమె ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. కుక్క కన్నా ముందు అది చూడండి. మీ అజాగ్రత్త వల్ల కుక్క నుంచి బయటివాళ్లకు హాని జరిగితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద యజమాని బాధ్యుడవుతాడు. ఆరు నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంటి యజమాని ఏమన్నాడో కూడా మీరు రాయలేదు. మాట కాదు, అద్దె ఒప్పందంలో రాయించుకోండి. రేపు ఇల్లు మారాల్సి వస్తే 60 కిలోల కుక్కతో దొరికే ఇళ్లు చాలా తక్కువ, దొరికినా అద్దె ఎక్కువ. ఎదిగే పిల్లకు రోజూ మెట్లెక్కి దిగడం కీళ్లకు మంచిది కాదు, కాబట్టి వీలైతే కింద వాటా ఉన్న ఇల్లే చూసుకోవాలి.

ఇప్పుడు ఏం చేయాలి? చీటీని ఇప్పుడు పాడవద్దు. తొమ్మిది నెలల ముందే ఎత్తుకుంటే చేతికి వచ్చేది తగ్గుతుంది, వాయిదాలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. చివరిదాకా ఉంచి, వచ్చిన డబ్బును కుటుంబ అత్యవసర నిధిగా బ్యాంకులో వేయండి. పదో నెల నుంచి చీటీ కట్టే 5 వేలు, మిగిలే 2,800 కలిపి 7,800 వేరే ఖాతాలోకి. బండి వాయిదా పధ్నాలుగో నెలతో తీరుతుందని రాశారు. ఆ తర్వాత నెలకు 12 వేలు చేతికొస్తాయి. అప్పుడు ఆరు నెలల పాటు, ఇంట్లో కుక్క ఉన్నట్టే, ప్రతి నెలా 10 వేలు రికరింగ్ డిపాజిట్‌లో కట్టండి. ఒక్క నెల కూడా తప్పకూడదు, అందులోంచి పండగకు తీయకూడదు. నిలబడితే మీ కుటుంబానికి ఆ బరువు మోసే సత్తా ఉన్నట్టు, పైగా 60 వేల ఆపద నిధి సిద్ధంగా ఉన్నట్టు. మూడో నెలకే చేయి ఆడకపోతే ఏ నష్టమూ లేదు, డబ్బు మీ దగ్గరే ఉంది.

బాబు అన్నాళ్లు ఆగలేనంటే ఒక నాటు కుక్కపిల్లను తెచ్చుకోండి. బరువు చాలా తక్కువ, మన ఎండకు అలవాటుపడ్డ ఒళ్లు, ఇంటి తిండితో బతుకుతుంది, ఎక్కువ ఏళ్లు తోడుంటుంది. మీ రాబడికి నేను మనస్ఫూర్తిగా చెప్పగలిగింది అదే. టీకాలు, ఆపరేషన్ మాత్రం దానికీ తప్పనిసరి.

మాస్టిఫ్ సంగతి. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ ప్రమాదకరమంటూ 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు రాసిన లేఖలో మాస్టిఫ్‌లు ఉన్నాయి, గ్రేట్ డేన్ లేదు. ఆ లేఖను కర్ణాటక హైకోర్టు అదే ఏడాది ఏప్రిల్‌లో కొట్టేసింది. అయినా అద్దె ఇంట్లో ఉండేవారు ఆ తలనొప్పి పెట్టుకోవద్దు.

రెండేళ్ల తర్వాత గ్రేట్ డేనే కావాలనుకుంటే, కుక్కల పెంపకం, అమ్మకంపై 2017లో వచ్చిన నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ నమోదు పత్రం, మైక్రోచిప్ నంబరు, టీకాల పుస్తకం అడగండి. బెంగళూరుకు మీరే వెళ్లి తల్లిని కళ్లారా చూడండి. తల్లిదండ్రులకు గుండె, తుంటి పరీక్షలు చేయించారా, ఆ వంశంలో ఏ కుక్కకైనా కడుపు మెలిపడిందా అని అడగండి. తల్లిని చూపించకుండా ఫోటోలు పంపి అడ్వాన్సు వేయమంటే ఎంత తక్కువ ధర చెప్పినా డబ్బు పంపవద్దు.