జనవరిలో ఉలువాటు వద్దు

రుషికొండ ఇసుక అడుగు మీద నేర్చుకున్న సర్ఫింగ్‌తో జనవరిలో బాలి వెళ్లి, అక్కడ పగడపు దిబ్బ మీద అలలు లేచే ఉలువాటులో దిగవచ్చా అని అడిగారు. ముందు తేదీ మార్చండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అక్కడ ఆగ్నేయపు గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచి అలను నున్నగా నిలబెడుతుంది. జనవరిలో పడమటి గాలి దాన్ని చెదరగొడుతుంది. టికెట్ మారకపోతే తూర్పు తీరాన సెరంగాన్ చూడండి, మొదటిసారికి అదే నయం.

పగడపు దిబ్బ మీద ఆటుపోట్లే అసలు లెక్క. నీరు తగ్గిన ఆటు సమయంలో పడితే నేరుగా పగడం మీదే. పోటు సగానికి వచ్చాక దిగండి. ఎప్పుడూ తలకిందులుగా దూకకండి, పరుచుకున్నట్టు పడండి. ఉలువాటులో నీళ్లలోకి దిగడం, తిరిగి రావడం ఒడ్డున ఉన్న గుహలోంచి. నిండు పోటులో ప్రవాహం పక్కకు లాగుతుంది, తిరిగి గుహలోకి చేరడం గట్టి ఈతగాళ్లకే కష్టం. గీరుకుంటే వెంటనే మంచినీటితో బాగా కడగండి. పగడపు నలుసు మిగిలితే చీము పడుతుంది. ఖరీదైన కొత్త బోర్డు మాత్రం ఇప్పుడే కొనకండి, అక్కడ అద్దెకు దొరుకుతాయి.