ప్లేటు పొడవు మార్చితే రంధ్రాలు ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న: నేను మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో 80 మి.మీ. పొడవు, 50 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం గల ప్లేటు గీసి, నాలుగు మూలల్లో ఎం5 (5 మి.మీ. వ్యాసం గల) బోల్టులకు రంధ్రాలు పెట్టాను. స్కెచ్ మొత్తం ఆకుపచ్చగానే ఉంది. అయినా పొడవును 100కు మార్చితే ప్లేటు పెరిగింది గానీ రంధ్రాలు పాత చోటనే ఉండిపోయాయి. కారణమేమిటి?

జవాబు: మీరు జతచేసిన ఫైలును తెరిచి చూశాను. సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు. నాలుగు రంధ్రాల కేంద్రాలనూ మీరు ప్లేటు మధ్యలో ఉన్న స్కెచ్ మూలబిందువు నుంచి అడ్డంగా 30, నిలువుగా 15 మి.మీ. దూరంలో స్థిరపరిచారు. ప్లేటు పొడవు 80 ఉన్నప్పుడు రంధ్రం అంచుకు సరిగ్గా 10 మి.మీ. దూరంలో పడింది కాబట్టి అంతా సవ్యంగానే కనిపించింది. పొడవు 100 కాగానే ఆ 10 కాస్తా 20 అయింది. ఆకుపచ్చ రంగు వచ్చిందంటే స్కెచ్‌లో కదలడానికి వీలున్న గీత ఒక్కటీ మిగల్లేదని మాత్రమే అర్థం. మీరిచ్చిన కొలతలు మీ అవసరానికి తగినవో కావో ఆ రంగు చెప్పలేదు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చే ప్రతి కొలతా, రేపు ఏదైనా మార్చవలసి వచ్చినప్పుడు ఏది చెక్కుచెదరకుండా ఉండాలో ముందుగానే తీసుకునే నిర్ణయం. ప్యాడ్ (స్కెచ్‌కు మందం ఇవ్వడం), పాకెట్ (లోపలికి తొలచడం), ఫిల్లెట్ (అంచును గుండ్రంగా చేయడం) వంటి టూల్స్‌ను ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. ఈ నిర్ణయం మాత్రం ప్రతి స్కెచ్‌లోనూ మళ్లీ ఆలోచించి తీసుకోవలసిందే.

మీ ప్లేటునే మొదటి నుంచి గీద్దాం. స్కెచర్‌లో రెక్టాంగిల్ టూల్‌తో దీర్ఘచతురస్రం గీయగానే రెండు గీతలకు అడ్డం, రెండింటికి నిలువు కన్‌స్ట్రెయింట్లు (గీతను కట్టిపడేసే నిబంధనలు) వాటంతట అవే పడతాయి. ఇంకా నాలుగు స్వేచ్ఛలు మిగిలాయని పక్కనున్న ప్యానెల్ చూపిస్తుంది: అటూ ఇటూ, పైకీ కిందకీ జరగడం, పొడవు మారడం, వెడల్పు మారడం. ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండు మూలలనూ, ఆ తర్వాత మూలబిందువునూ ఎంచుకొని సిమెట్రిక్ కన్‌స్ట్రెయింట్ ఇస్తే మొదటి రెండూ పోతాయి. 80, 50 కొలతలతో మిగిలినవీ పోతాయి. తర్వాత నాలుగు వృత్తాలు గీసి, ఈక్వల్ కన్‌స్ట్రెయింట్‌తో సమానం చేసి, ఒక్కదానికి మాత్రం వ్యాసం 5.5 మి.మీ. ఇవ్వండి. ఎం5 బోల్టు సులువుగా దూరడానికి మామూలుగా వాడే కొలత అదే.

అసలు విషయం ఇక్కడుంది. ఒక వృత్తపు కేంద్రం నుంచి దగ్గరున్న రెండు అంచులకు చెరొక 10 మి.మీ. దూరం ఇవ్వండి, వృత్తపు గీతను కాకుండా కేంద్రబిందువునే ఎంచుకోవాలి. మిగిలిన మూడు కేంద్రాలను దానికి సిమెట్రిక్‌గా కట్టండి: ఒకటి నిలువు అక్షం మీదుగా, ఒకటి అడ్డ అక్షం మీదుగా, ఎదురు మూలలో ఉన్నది మూలబిందువు మీదుగా. ఇప్పుడు 80ని 100 చేసి చూడండి, నాలుగు రంధ్రాలూ అంచుల వెంటే జరుగుతాయి. ప్యాడ్ టూల్‌లో 6 మి.మీ. ఇస్తే, బయటి హద్దు లోపల ఉన్న వృత్తాలు రంధ్రాలుగానే వస్తాయి. వాటికి విడిగా పాకెట్ అక్కర్లేదు.

అలాగని అంచు నుంచి కొలవడమే ఎల్లప్పుడూ సరైనదని అనుకోవద్దు. అదే ప్లేటుకు నెమా 17 అనే ప్రామాణిక సైజు స్టెప్పర్ మోటారు (అడుగడుగుగా తిరిగే మోటారు) బిగించాలనుకోండి. ఆ మోటారు స్క్రూల మధ్య దూరం 31 మి.మీ.; మన ప్లేటు ఎంత పెరిగినా అది మారదు. అక్కడ రంధ్రాలను మధ్యబిందువు నుంచే, ఒకదానికొకటి 31 మి.మీ. దూరంలో కట్టాలి. అందువల్ల ఆ ప్లేటు దేనికి బిగుస్తుందో తెలుసుకోకుండా స్కెచ్ మొదలుపెట్టవద్దని మీకు గట్టిగా చెబుతున్నాను. ముగించే ముందు ప్రతి కొలతనూ ఒకసారి పెంచి, తగ్గించి చూస్తే ఇలాంటి పొరపాట్లు స్కెచ్‌లోనే బయటపడతాయి.

ప్రశ్న: ప్లేటు పైఅంచుకు, కిందిఅంచుకు 3 మి.మీ. చొప్పున ఫిల్లెట్ ఇస్తే ఎర్రర్ వస్తోంది. 2 ఇస్తే ఫిల్లెట్ సరిగ్గానే వస్తోంది. ఎందుకు?

జవాబు: మీ ప్లేటు మందం 6 మి.మీ. అని రాశారు. పైనుంచి 3, కిందినుంచి 3 పోతే మధ్యలో పక్కతలమే మిగలదు. అలా ఒక తలం పూర్తిగా మాయమయ్యే చోట లెక్క తేల్చలేక సాఫ్ట్‌వేర్ తరచు చేతులెత్తేస్తుంది. 2.9 ఇచ్చి చూడండి. ఫిల్లెట్లు, చాంఫర్లు (ఏటవాలుగా కోసిన అంచులు) మోడల్ చివరి దశలో పెట్టడమే మేలు. మొదట్లోనే పెడితే తర్వాతి స్కెచ్‌లు ఆ గుండ్రటి అంచుల మీద ఆధారపడి, చిన్న మార్పుకే విరిగిపోతాయి. ఫ్రీక్యాడ్ పాత వెర్షన్లలో ఈ బాధ మరీ ఎక్కువ. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో అది చాలావరకు తగ్గింది కాబట్టి, పాతది వాడుతుంటే వెంటనే మార్చుకోండి.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డు లేని, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుందా?

జవాబు: మీరు నేర్చుకునే స్థాయి విడిభాగాలకు సరిపోతుంది. ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం, లైనక్స్‌లోనూ నడుస్తుంది. బ్రౌజర్‌లోనే పనిచేసే ఆన్‌షేప్ కూడా ఉంది గానీ, దాని ఉచిత ఖాతాలో గీసినవి అందరికీ కనిపిస్తాయని గుర్తుంచుకోండి.

ప్రశ్న: వర్క్‌షాపుకు ఎస్‌టీఎల్ ఫైలు పంపితే పనికిరాదన్నారు. ఏది పంపాలి?

జవాబు: వారు చెప్పింది నిజమే. ఎస్‌టీఎల్‌లో ఉండేవి చిన్న చిన్న త్రిభుజాలు మాత్రమే. గుండ్రటి రంధ్రం కూడా అందులో బహుభుజిగా మారిపోతుంది, పైగా కొలతలు మిల్లీమీటర్లో అంగుళాలో ఆ ఫైలు చెప్పదు. అది త్రీడీ ప్రింటింగ్‌కు సరిపోతుంది. హైదరాబాదు బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో మిల్లింగ్ చేయించాలంటే ఆకారాన్ని ఉన్నదున్నట్టు ఉంచే స్టెప్ ఫైలును, ఫ్రీక్యాడ్‌లోని టెక్‌డ్రా వర్క్‌బెంచ్‌లో తయారుచేసిన డ్రాయింగు పీడీఎఫ్‌ను కలిపి ఇవ్వండి. లేజర్ కటింగ్‌కైతే డీఎక్స్‌ఎఫ్ (గీతల రూపంలోని టూడీ డ్రాయింగు ఫైలు) అడుగుతారు. డ్రాయింగులో రంధ్రాల టాలరెన్సులు (కొలతలో ఒప్పుకునే తేడా) తప్పకుండా రాయండి. స్టెప్ ఫైలులో ఆకారం ఖచ్చితంగా ఉన్నా, ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో మెషీన్ మీద పనిచేసేవారు చూసేది ఆ కాగితం మీదే.