వాలిస్తే ఇటాలిక్ అయిపోతుందా?

ప్రశ్న: వార్షిక నివేదిక కోసం ఒక శాన్స్ సెరిఫ్ (గీతల చివర అలంకారం లేని అక్షరాల) ఫాంట్ కొన్నాం. ఇటాలిక్ ఫైలు విడిగా కొనాలట. సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే ఎలాగూ అక్షరాలు వాలుతున్నాయి కదా, మళ్లీ కొనడం దేనికి? పక్కపక్కన పెట్టి చూసినా నాకు పెద్ద తేడా కనబడలేదు.

జవాబు: ఇంగ్లీషు చిన్న ‘ఓ’ ఒక్కటి తీసుకుని, పేజీ నిండేంత పెద్దది చేసి చూడండి. తేడా దాచినా దాగదు.

నా మొదటి శాన్స్ ఇటాలిక్ నేనూ ఇలాగే మొదలుపెట్టాను. నిటారు అక్షరాలన్నిటినీ ఒకేసారి 12 డిగ్రీలు వాల్చేసి, సాయంత్రానికల్లా పని సగం అయిపోయిందనుకున్నాను. మర్నాడు ఒక్కో అక్షరాన్నీ అరచెయ్యంత ముద్రించి గోడకి అంటించాను. ‘ఓ’ కుడివైపు పైభాగం, ఎడమవైపు కిందిభాగం ఉబ్బిపోయి ఉన్నాయి. మిగతా రెండు మూలలూ పీక్కుపోయాయి. లెక్క వేసి చూస్తే, 12 డిగ్రీల వాలుకి ఆ ఉబ్బు దాదాపు 11 శాతం, ఆ పీకుడు 10 శాతం. నిలువు గీతలు 2 శాతం సన్నబడతాయి, అడ్డగీతలు మాత్రం ఉన్నట్టే ఉంటాయి. శాన్స్ సెరిఫ్ అందమంతా గీత మందం ఒక్కతీరుగా కనబడటంలోనే ఉంది. పాదాల దగ్గర చిన్న అలంకారం కూడా లేని అక్షరం కాబట్టి, తప్పు కప్పిపుచ్చుకోవడానికి దానికి చోటే లేదు. ఆ వంపులన్నీ చేత్తో దిద్దాను. ఒక్క ‘ఎస్’కే వారం పట్టింది.

ఇంతకీ ఇటాలిక్ పుట్టింది వాలులోంచి కాదు, చేతిరాతలోంచి. వెనిస్‌లో పుస్తకాలు అచ్చువేసే ఆల్డస్ మనూషియస్ కోసం ఫ్రాన్చెస్కో గ్రిఫో ఆనాటి పండితుల గొలుసురాతను చూసి అచ్చులు చెక్కాడు. 1501లో వర్జిల్ కావ్యాలు పూర్తిగా ఆ అక్షరాల్లోనే వచ్చాయి. శాన్స్ సెరిఫ్ ముద్రణలోకి వచ్చింది మరో మూడు వందల ఏళ్లకి, 1816లో. దాని వెనక అలాంటి చేతిరాత లేదు. అందుకే చాలామంది రూపకర్తలు నిటారు అక్షరాన్నే వాల్చి, వంపులు దిద్ది ఊరుకున్నారు. 1957లో వచ్చిన హెల్వెటికా, యూనివర్స్ ఫాంట్లు రెండూ ఆ దారివే. ఎరిక్ గిల్ మాత్రం 1928 నాటి గిల్ శాన్స్‌లో కలం జాడ వదల్లేదు. దాని ఇటాలిక్‌లో చిన్న ‘ఏ’కి పైనున్న కొక్కెం పోయి ఒక్క పొట్టే మిగులుతుంది, ‘పీ’కి ఎడమవైపు చిన్న కలంపోటు కనబడుతుంది. ఇప్పటి మంచి శాన్స్ ఇటాలిక్‌లలో చాలావాటిది ఈ రెండో దారే: ఒంటిపొట్ట ‘ఏ’, కొన్నిటిలో గీత కిందికి దిగే ‘ఎఫ్’, నిటారు రూపం కన్నా కాస్త ఇరుకైన వెడల్పు.

నా మొగ్గు కూడా వీటివైపే. పేరాలో ఒక మాట ఇటాలిక్‌లో పడ్డప్పుడు, దాని వాలుతో పాటు ఆకారం కూడా మారితేనే కన్ను పట్టుకుంటుంది. 8, 9 డిగ్రీల వాలు చాలు. పెద్ద శీర్షికకో, రెండు మాటల లేబుల్‌కో అయితే దిద్దిన వాలు అక్షరమే బాగుంటుంది. మీది చదవాల్సిన నివేదిక కదా, ఇటాలిక్ ఫైలు తీసుకోండి. కానీ కొనేముందు ఆ ‘ఓ’నీ ‘ఏ’నీ పెద్దవి చేసి చూడండి. అమ్మేవాటిలోనూ ఊరికే వాల్చేసినవి ఉంటాయి.

ప్రశ్న: ఫిజిక్స్ పాఠాలు టైపు చేస్తుంటాను. ఇటాలిక్ ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తేలడం లేదు.

జవాబు: మీ సబ్జెక్టులో అది అలంకారం కాదు, అర్థం. వాలిన ‘ఎమ్’ అంటే ద్రవ్యరాశి, నిటారు ‘ఎమ్’ అంటే మీటరు. రాశులు వాలాలి, ప్రమాణాలు నిటారుగా నిలబడాలి. ఇది అంతర్జాతీయంగా ఒప్పుకున్న నియమమే. జీవశాస్త్రంలో ప్రజాతి, జాతి పేర్లు వాలుతాయి. మామూలు వచనంలో పుస్తకాల పేర్లు, ఓడల పేర్లు, ఒత్తి పలకాల్సిన మాట. పేరాలకి పేరాలే ఇటాలిక్‌లో పెడితే ఒత్తినదేదో తెలియదు, చదివేవాళ్ల కళ్లూ అలిసిపోతాయి. మీరు ఎంచుకునే ఫాంట్‌లో చిన్న ‘ఎల్’, పెద్ద ‘ఐ’, ఒకటి అంకె మూడూ విడివిడిగా తెలుస్తున్నాయో లేదో కూడా చూసుకోండి. శాన్స్ సెరిఫ్‌లో మొదటి రెండూ తరచుగా ఒకే పుల్లలా ఉంటాయి, కొన్నిటిలో ఒకటి అంకె కూడా.

ప్రశ్న: ఇటాలిక్ ఫైలు కొని వెబ్‌సైట్‌లో పెట్టాను. అక్షరాలు పడిపోతున్నంతగా వాలుతున్నాయి. ఫాంట్‌లోనే లోపమా?

జవాబు: ఫాంట్‌ది కాకపోవచ్చు. ఇటాలిక్ ఫైలును మీరు సీఎస్ఎస్‌లో (వెబ్‌పేజీ రూపురేఖలు చెప్పే కోడ్‌లో) ‘నార్మల్’ అని ప్రకటించి ఉంటారు. అప్పుడు ఇటాలిక్ అడిగిన ప్రతిచోటా, అది నిటారు అక్షరమే అనుకుని బ్రౌజర్ తన వంతుగా ఇంకోసారి వాలుస్తుంది. ఆ ఫైలు శైలిని ‘ఇటాలిక్’ అని మార్చండి. ‘ఫాంట్-సింథసిస్’ని ‘నన్’ చేస్తే బ్రౌజర్ సొంతంగా వాల్చడం మానేస్తుంది, ఇటాలిక్ ఎక్కడ అందలేదో కూడా బయటపడుతుంది. వేరియబుల్ ఫాంట్ (మందం, వాలు వంటివి ఒకే ఫైలులో మార్చుకోగలిగేది) అయితే వాలు అక్షం విలువ రుణసంఖ్యలో ఇవ్వాలి: మైనస్ 10 అంటే కుడివైపుకి 10 డిగ్రీలు.