మాజీ భర్త రిటైరవుతున్నారు... నాకు వాటా ఉందా?

ప్రశ్న: మాది బొబ్బిలి. హిందూ వివాహ చట్టం కింద విడాకులయ్యాయి. నెలకు 8 వేలు భరణం వస్తోంది. ఆయన ప్రభుత్వ టీచరు, వచ్చే ఏడాది రిటైర్మెంట్. గ్రాట్యుటీ, పీఎఫ్, పెన్షన్‌లో సగం నాకొస్తుందా?
– ఓ సోదరి, విజయనగరం జిల్లా

జవాబు: రాదమ్మా. విడాకులైతే రిటైర్మెంట్ సొమ్ము చెరిసగం పంచాలన్న నియమం మన చట్టంలో లేదు. ఫ్యామిలీ పెన్షన్ కూడా విడాకులైన భార్యకు రాదు. మీకున్న దారి హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 25. పరిస్థితులు మారితే భరణం పెంచమనో, ఒకేసారి పెద్ద మొత్తం ఇప్పించమనో విడాకుల డిక్రీ (కోర్టు ఉత్తర్వు) ఇచ్చిన కోర్టునే అడగొచ్చు.

ముందు డిక్రీ సర్టిఫైడ్ కాపీ తీసి చదవండి. పరస్పర అంగీకారంతో తీసుకున్న విడాకుల్లో 'ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు' అన్న వాక్యం చాలామంది చూడకుండానే సంతకం పెట్టేస్తారు. అది ఉంటే మీ కేసు నెగ్గడం కష్టమవుతుంది.

పిటిషన్ రిటైర్మెంట్‌కు ముందే వేయండి. గ్రాట్యుటీ, పీఎఫ్, పెన్షన్ ఆయన చేతికి రాకముందు జప్తు చేయడం కష్టం, వచ్చాక ఖర్చయిపోతాయి. అందుకే ఆయన పేర ఇల్లో పొలమో ఉంటే భరణానికి దానిపై ఛార్జి పెట్టమని (అంటే భరణం బాకీకి ఆ ఆస్తిని హామీగా ఉంచమని) అడగండి. ఆస్తి అప్పుల అఫిడవిట్ ఇద్దరూ వేయాలి (సుప్రీంకోర్టు, 2020).

'పెన్షన్ తగ్గింది' అంటారేమో, చూసుకోండి. 40 వేల పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేస్తే (నెలనెలా వద్దని ఒకేసారి సొమ్ము తీసుకుంటే) నెలకు 24 వేలే కనిపిస్తుంది, కానీ తగ్గిన 16 వేలకు బదులు పెద్ద మొత్తం ముందే అందుతుంది. ఆ లెక్క కోర్టు ముందుంచండి.

మీరు మళ్లీ పెళ్లి చేసుకుంటే భరణం రద్దు చేయమని ఆయన అడగొచ్చు. ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.